కుషింగ్, క్లెబ్స్, ఫుల్టన్: పాత వైద్య పుస్తకాల గురించి ఉత్తరం ఎలా రాయాలి, ఎలా దాచాలి

హార్వీ కుషింగ్ పేరు వినని డాక్టరు ఉండరు. పిట్యూటరీ గ్రంథి జబ్బుకి ఆయన పేరే పెట్టారు. ఆర్నాల్డ్ క్లెబ్స్ అంటే మాత్రం చాలామందికి తెలియదు. ఆయన తండ్రి ఎడ్విన్ క్లెబ్స్ పేరు మీద వచ్చిన క్లెబ్సియెల్లా మాత్రం కల్చర్ రిపోర్టుల్లో రోజూ కనబడుతూనే ఉంటుంది. మూడో మనిషి జాన్ ఫుల్టన్, యేల్ విశ్వవిద్యాలయంలో ఫిజియాలజీ ప్రొఫెసర్. ఈ ముగ్గురినీ కలిపింది పాత వైద్య పుస్తకాలు, వాటి గురించి రాసుకున్న ఉత్తరాలు.

1934లో కుషింగ్ న్యూ హేవెన్‌లో ఉన్నారు. క్లెబ్స్ షికాగోలో క్షయ వైద్యం చేసి, ఆ వృత్తి మానుకున్నాక స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున న్యోన్ అనే ఊళ్లో పుస్తకాలతో స్థిరపడ్డారు. ముగ్గురి పుస్తకాలూ ఒకేచోట చేర్చి యేల్‌లో వైద్య చరిత్ర గ్రంథాలయం పెడదామన్న ప్రతిపాదన ఆ ఏడాది కుషింగ్ ఉత్తరంలో న్యోన్‌కి వెళ్లింది. ఎవరు ఏ పుస్తకాలు ఇవ్వాలి, భవనం ఎలా ఉండాలి, జాబితా ఎవరు తయారుచేయాలి అన్నదంతా తరువాతి ఏడేళ్లూ ఉత్తరాల్లోనే నడిచింది. 1939 అక్టోబరు 7న కుషింగ్ పోయారు. గ్రంథాలయం 1941లో తెరిచారు. అప్పటికి యూరప్‌లో యుద్ధం, క్లెబ్స్ న్యోన్‌లోనే ఉన్నారు, 1943లో అక్కడే కన్నుమూశారు. ఆయన పుస్తకాలు యుద్ధం తరువాత అమెరికా చేరాయి. 1934 నుంచి 1941 దాకా ముగ్గురూ రాసుకున్న ఉత్తరాల్లోంచి కొన్ని భాగాలు ఏరి, ఫుల్టన్ అరవయ్యో పుట్టినరోజుకి, అంటే 1959లో, స్నేహితులు పుస్తకంగా వేశారు.

ముగ్గురి అభిరుచీ ఒకటే అయినా పట్టు వేరువేరు. కుషింగ్‌కి 16వ శతాబ్దపు శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్ మీద మక్కువ. క్లెబ్స్ 15వ శతాబ్దపు అచ్చు పుస్తకాల్లో, మూలికా గ్రంథాల్లో, ప్లేగు మీద వచ్చిన తొలి కరపత్రాల్లో నిపుణుడు. 1501కి ముందు అచ్చయిన శాస్త్ర, వైద్య పుస్తకాలకి ఆయన చేసిన చిన్న శీర్షికల జాబితా 1938లో వచ్చింది, దాని వరస సంఖ్యలు ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. ఫుల్టన్ ఫిజియాలజీ పుస్తకాలు సేకరించారు, 17వ శతాబ్దపు శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ రచనలన్నిటికీ గ్రంథసూచి తయారుచేశారు. ఒకరి దగ్గర ఉన్న ప్రతి ఇంకొకరి కంటికి కనబడదు, మధ్యలో అట్లాంటిక్ సముద్రం ఉంది. అందుకే ఉత్తరంలో పుస్తక వివరం కచ్చితంగా ఉండి తీరాలి. ‘అద్భుతమైన ప్రతి దొరికింది’ అని రాస్తే అవతలివాళ్లకి సంతోషం తప్ప సమాచారం అందదు. కేస్ షీట్ చదివి, రోగిని చూడని డాక్టరు కూడా నిర్ణయానికి రాగలిగినట్టే, ఉత్తరం చదివి అవతలి మనిషి ఆ ప్రతి సంపూర్ణమో కాదో, ఏ ముద్రణో చెప్పగలగాలి. ఈ తరహా ఉత్తరాలకి నేనిచ్చే విలువంతా ఈ ఒక్క గుణానికే.

మన దగ్గరా పాత వైద్య పుస్తకాలున్న డాక్టర్లు, వైద్య కుటుంబాలు చాలానే ఉన్నాయి. మద్రాసు వైద్య కళాశాల నాటి ఇంగ్లీషు పాఠ్యగ్రంథాలు, తెలుగు లిపిలో అచ్చయిన బసవరాజీయం, వైద్యచింతామణి ప్రతులు, తాళపత్రాలు అటకల మీద ఉన్నాయి. వాటి గురించి ఒకరికొకరు రాసుకునేటప్పుడు ఏం రాయాలో వివరంగా చెబుతాను.

మొదట ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. పేరు, రచయిత, ఊరు, అచ్చువేసినవారు, సంవత్సరం, అన్నీ అక్షరం మార్చకుండా. పుస్తకం చివర ముద్రణ వివరం ఉంటే అదీ రాయాలి, ఎందుకంటే రెండుచోట్లా సంవత్సరం ఒకటే ఉండాలన్న నియమం లేదు. 15వ శతాబ్దపు పుస్తకాల్లో చాలావాటికి అసలు ముఖపత్రమే ఉండదు. అప్పుడు మొదటి ఆకు మొదటి పంక్తి, రెండో ఆకు మొదటి మాటలు, చివరి పంక్తి రాసి పంపాలి. రెండో ఆకు ఎందుకంటే, ఒకే గ్రంథం రెండు ముద్రణల్లోనూ ఒకే మాటలతో మొదలవుతుంది, కానీ రెండో ఆకు సరిగ్గా అదే మాట దగ్గర మొదలవడం అరుదు. తాళపత్రాలకి కూడా ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

తరువాత కొలత. అట్టని కాదు, లోపలి ఆకుని కొలవాలి, ఎత్తు, వెడల్పు మిల్లీమీటర్లలో. మళ్లీ మళ్లీ బైండింగు చేయించిన పుస్తకానికి ప్రతిసారీ అంచులు కత్తిరిస్తారు. పుట పైన ఉన్న శీర్షిక సగం తెగిపోయిందా, పక్కన చేత్తో రాసిన వ్యాఖ్యల చివరి అక్షరాలు పోయాయా అన్నది చూసి రాయాలి. అంచుల్లో ఖాళీ ఎక్కువ మిగిలిన ప్రతికే విలువ ఎక్కువ, కారణం ఇదే.

కాగితం మడత తెలుసుకోవడం ఇంకో పని. 1800కి ముందు చేత్తో చేసిన కాగితాన్ని వెలుతురుకి ఎదురుగా పెడితే, సుమారు రెండున్నర సెంటీమీటర్ల ఎడంతో తీగల గీతలు కనబడతాయి. షీటుని ఒక్కసారి మడిస్తే రెండు ఆకులొస్తాయి, గీతలు నిలువుగా ఉంటాయి, నీటిగుర్తు (కాగితం చేసినవారు అందులోనే వేసే గుర్తు) ఆకు మధ్యలో పడుతుంది. రెండుసార్లు మడిస్తే నాలుగు ఆకులు, గీతలు అడ్డంగా, నీటిగుర్తు కుట్టు దగ్గర మడతలో పడుతుంది. మూడుసార్లు మడిస్తే ఎనిమిది ఆకులు, గీతలు మళ్లీ నిలువు, నీటిగుర్తు కుట్టు వైపు పై మూలలో. సైజు చూసి మడత ఊహించకూడదు, పెద్ద షీటుని నాలుగు ఆకులుగా మడిచినా పుస్తకం పెద్దగానే ఉంటుంది. ఒక పుస్తకంలో అన్ని ఆకులకీ గీతలు అడ్డంగా ఉండి ఒక్క ఆకుకి నిలువుగా ఉంటే, ఆ ఆకు వేరేచోటి నుంచి వచ్చిందని అనుమానించాలి.

ఇక అసలు పని, ఆకులు లెక్కపెట్టడం. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పేజీ అంకెల్ని నమ్మి లెక్క వేయకూడదు. వెసాలియస్ 1543లో బాసెల్‌లో ఒపోరినస్ చేత అచ్చువేయించిన శరీర నిర్మాణ గ్రంథం ఫాబ్రికాలో చివరి అంకె వేసిన పుట 659 అని ఉంటుంది, లెక్కపెడితే 663వది. అచ్చులో అంకెలు తప్పుపడ్డాయి, అంతే. పుట అడుగున ఉండే ఫారం గుర్తుల్నే పట్టుకోవాలి, ఫారం అంటే మడిచి కలిపి కుట్టిన ఆకుల కట్ట. లాటిన్ పుస్తకాల్లో ఈ గుర్తులు అక్షరాల్లో ఉంటాయి, ఆ వరసలో 23 అక్షరాలే. ఐ, జే రెండూ ఒకటే, యు, వి రెండూ ఒకటే, డబ్ల్యు ఉండదు. ఐ తరువాత కే వచ్చిందని ఒక ఫారం పోయిందని భయపడనక్కర్లేదు.

విలియం హార్వీ రక్తప్రసరణ గ్రంథం చిన్నది కాబట్టి అభ్యాసానికి మంచిది. 1628లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిట్జర్ ప్రచురించాడు. 72 పుటలు అంటే 36 ఆకులు, నాలుగేసి ఆకుల ఫారాలు తొమ్మిది, ఏ నుంచి ఐ దాకా. వీటికి తోడు ముంజేతి సిరల మీద హార్వీ చేసిన ప్రయోగం చూపించే రెండు రాగిరేకు బొమ్మలు. తప్పొప్పుల పట్టిక ఉన్న ఆకు ఒకటి వేరుగా వేశారు, అది చాలా ప్రతుల్లో లేదు. కాగితం నాసిరకం, బాగా గోధుమరంగు తిరుగుతుంది. ఇవన్నీ తెలిసినవాళ్లకి ఎవరైనా ‘తెల్లటి కాగితం మీద నిగనిగలాడే ప్రతి’ అని రాస్తే, కాగితం కడిగారా, లేకపోతే ఫోటో ప్రతి ముద్రణా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

ఫాబ్రికాలో చూడవలసినవి ఇంకా ఉన్నాయి. అందులో మడతపెట్టి కుట్టిన రెండు పెద్ద ఆకులున్నాయి, రక్తనాళాల బొమ్మలకీ నరాల బొమ్మలకీ సంబంధించినవి. తెరిచి మూసి తెరిచి మూసి చిరిగేవి అవే. పోయేవీ, తరువాత వేరే ప్రతిలోంచి తెచ్చి అతికించేవీ అవే. ముఖపత్రం పోయిన ప్రతి అయితే 1543దా 1555 రెండో ముద్రణదా అని తేల్చడానికి నిండు పుటలో పంక్తులు లెక్కపెడితే చాలు. మొదటి ముద్రణలో 57, రెండో దాంట్లో అక్షరం పెద్దది కాబట్టి 49. ఉత్తరంలో ఆ ఒక్క అంకె రాస్తే అవతలివాళ్లకి సందేహం తీరిపోతుంది.

వెసాలియస్ బొమ్మలు కనబడినంత మాత్రాన 16వ శతాబ్దపు పుస్తకం అనుకోకూడదు. ఆ బొమ్మల చెక్క బ్లాకులు చాలాభాగం నాలుగు వందల ఏళ్లు నిలిచి మ్యూనిక్‌లో ఉండేవి. వాటితోనే 1934లో మళ్లీ చేత్తో అచ్చువేసిన పుస్తకం వచ్చింది. తరువాత యుద్ధంలో బాంబు దాడులకి బ్లాకులు కాలిపోయాయి. 1934 పుస్తకంలోంచి విడదీసిన ఆకులు అసలు బ్లాకుల ముద్రలే, కానీ పాత ముద్రణ ఆకులు కావు. కాగితమూ, వెనక పుట ఖాళీగా ఉందా అన్నదీ చూస్తే తేడా తెలుస్తుంది. ఫాబ్రికాలో చాలా బొమ్మల వెనక పాఠం ఉంటుంది.

17వ శతాబ్దపు ఇంగ్లీషు డాక్టరు సర్ థామస్ బ్రౌన్ తన మత విశ్వాసాల గురించి రాసిన రెలీజియో మెడిచీ సంగతి ఇంకా ఆసక్తికరం. కుషింగ్‌కి గురువు లాంటి ప్రఖ్యాత వైద్యుడు సర్ విలియం ఆస్లర్‌కి ప్రాణంతో సమానమైన పుస్తకం అది. ఆస్లర్ శవపేటిక మీద కూడా ఆ పుస్తకపు ప్రతి ఉంచారు. 1642లో లండన్‌లో ఆండ్రూ క్రుక్ రచయిత అనుమతి లేకుండా, పేరు లేకుండా రెండుసార్లు అచ్చువేశాడు. రెండిటికీ చెక్కిన ముఖపత్రం ఒక్కటే, కొండమీంచి పడిపోతున్న మనిషిని మేఘంలోంచి వచ్చిన చెయ్యి పట్టుకున్న బొమ్మ. తేడా పుటల్లో ఉంది. ఒకటి 190 పుటలు, ఇంకొకటి 159. 1643లో బ్రౌన్ తానే సరిదిద్ది ఇచ్చిన ముద్రణకీ అదే బొమ్మ వాడారు, కింద మాత్రం ఇంతకుముందు దొంగచాటుగా, అసంపూర్ణంగా అచ్చయినదానికి ఇదే నిజమైన ప్రతి అన్న వాక్యం చేర్చారు. కాబట్టి ముఖపత్రం ఫోటో ఒక్కటే పంపి ‘ఇది 1642దేనా’ అని అడిగితే ఎవరూ పూర్తి జవాబు ఇవ్వలేరు. చివరి అంకె వేసిన పుట ఎంతో కూడా రాయాలి.

పోయిన ఆకు స్థానంలో నకలు ఆకు పెట్టడం పాత వ్యాపారుల అలవాటు. కొందరు పెన్నుతో అచ్చుని అనుకరించి గీయించేవారు. పది రెట్లు పెంచి చూపే లెన్సుతో చూడాలి. సీసపు అక్షరాలతో నొక్కి వేసిన అచ్చులో సిరా అక్షరం అంచుకి జరిగి చిక్కగా చేరుతుంది, వెనక వైపు వేలితో తడిమితే, పక్కనుంచి దీపం వేస్తే గుంటలు తెలుస్తాయి. లిథో (చదునైన రాతిపలక మీంచి తీసే అచ్చు) నకలులో సిరా చదునుగా ఉంటుంది, వెనక గుంట ఉండదు. అతినీల లోహిత కాంతి కింద నీలంగా తెల్లగా మెరిసే ఆకు అయితే అది 1950 ఇటువైపు కాగితం, అంతకుముందు కాగితంలో ఆ మెరుపు రసాయనం లేదు. 19వ శతాబ్దపు నకలు మాత్రం మెరవదు, కాబట్టి మెరవనంత మాత్రాన అసలుదని తేల్చకండి.

చివరగా ఎవరి చేతుల్లోంచి వచ్చింది అన్నది. సంతకాలు, గ్రంథాలయ ముద్రలు, బహుమతి వాక్యాలు, పాత దుకాణం చీటీ, పెన్సిలుతో వేసిన ధర, అన్నీ ఏ పుటలో ఉన్నాయో చెప్పి రాయాలి. ఈ విషయంలో ఆస్లర్ చూపిన దారి గొప్పది. తన గ్రంథాలయ జాబితాలో పుస్తకాల కింద, అది ఎలా తనకి చేరింది, ఎందుకు ముఖ్యం అని తన వ్యాఖ్యలు రాసి పెట్టారు. ఆయన 1919 డిసెంబరు 29న పోయారు. ఆ జాబితాని ఫ్రాన్సిస్, హిల్, మాలక్ పూర్తిచేసి 1929లో ఆక్స్‌ఫర్డ్ నుంచి తెచ్చారు. పుస్తకాలు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి వెళ్లాయి. జాబితాని ఆయన విభజించిన తీరు చూడండి: వైద్యశాస్త్రాన్ని ముందుకి నడిపిన మూల గ్రంథాలు కాలక్రమంలో ఒక విభాగం, మిగతా వైద్య గ్రంథాలు రెండో విభాగం, తరువాత సాహిత్యం, చరిత్ర, జీవిత చరిత్రలు, గ్రంథసూచులు, 15వ శతాబ్దపు అచ్చు పుస్తకాలు, చేతిరాత ప్రతులు. అకారాది క్రమంలో పేర్చి వదిలేస్తే ఆ చరిత్ర కనబడేది కాదు. ఇంట్లో 50 పుస్తకాలున్నవారు కూడా ఈ పద్ధతి పాటించవచ్చు.

తెలుగు పుస్తకాలకి వస్తే మన చిక్కులు మనకున్నాయి. పాత అచ్చు పుస్తకాల మీద చాలాసార్లు సంవత్సరం పేరే ఉంటుంది. ప్రభవ అని ఉంటే 1867–68 కావచ్చు, 1927–28 కావచ్చు, అరవై ఏళ్లకి అదే పేరు తిరిగి వస్తుంది. శక సంవత్సరం ఉంటే 78 కలపాలి, ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590. రెండిటికీ ఏడాది జనవరిలో మొదలు కాదు కాబట్టి జంట సంవత్సరాలుగా రాయడం మంచిది. ఏ సంవత్సరమూ లేకపోతే ముద్రాక్షరశాల పేరు, ఊరు, అచ్చువేయించినవారి పేరు, వెల రాసి పంపాలి. 1867 పుస్తకాల రిజిస్ట్రేషను చట్టం వచ్చాక అచ్చువేసినవారి పేరు, స్థలం పుస్తకం మీద వేసి తీరవలసి వచ్చేది, ప్రభుత్వం ఆ పుస్తకాల జాబితాలు మూడు నెలలకోసారి వేసేది. అందులో వెతికితే సంవత్సరం దొరికే అవకాశం ఉంది. అరసున్నలు, బండి ఱ, పాత గుణింతం రూపాలు ఉన్నవి ఉన్నట్టే రాయండి, ఇప్పటి వర్ణక్రమంలోకి మార్చి పంపితే ముద్రణ పోల్చడం కుదరదు.

మన పుస్తకాల్లో ఫారం గుర్తు ఎక్కువగా అంకె. ఎనిమిది పుటల ఫారమైతే 9, 17, 25 పుటల అడుగున 2, 3, 4 అని ఉంటుంది, పదహారు పుటలదైతే 17, 33, 49 దగ్గర. పీఠిక, విషయసూచిక, తప్పొప్పుల పట్టిక చివర్లో అచ్చువేసి ముందు కుట్టేవారు, వాటికి పుటల అంకెలు వేరే వరస. ముందుగా ఊడిపోయేవి అవే. బసవరాజీయం లాంటి సంగ్రహ గ్రంథంలో సంస్కృత శ్లోకం పక్కన తెలుగు భాగాలుంటాయి. మీ ప్రతిలో తెలుగు మూలంలోదేనా, ప్రచురణకర్త చేర్చిన తాత్పర్యమా అన్నది పీఠిక చూసి రాయాలి. ఇది రాయకపోతే, రెండు ప్రతుల పాఠం పోల్చేవాళ్లు పూర్తిగా దారితప్పుతారు. మోతాదులున్నచోట తులం, మాషం, వరహాయెత్తు లాంటి తూకాలని గ్రాముల్లోకి మార్చి రాయకండి. ఊరికీ కాలానికీ ఆ తూకాలు మారాయి, ఉన్నమాటే దింపి పంపండి.

ఇప్పుడు ఉత్తరం సంగతి. పైన తేదీ, నెల, సంవత్సరం, ఊరు. ‘మంగళవారం’ అని మాత్రమే రాసిన ఉత్తరాలు చరిత్రకారులకి తలనొప్పి. ఆస్లర్ జీవిత చరిత్ర రాయడానికి కుషింగ్ పూనుకున్నప్పుడు ఆయన ఉత్తరాలున్న వాళ్లందరినీ అడిగి తెప్పించి, నకళ్లు తీయించవలసి వచ్చింది. పంపిన ఉత్తరం అవతలివాళ్ల దగ్గరే ఉంటుంది కదా! 1925లో వచ్చిన ఆ పుస్తకానికి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. దానికోసం చేర్చిన నకళ్లు మెక్‌గిల్‌లోని ఆస్లర్ గ్రంథాలయంలో ఉన్నాయి. కుషింగ్ దగ్గర మాడెలిన్ స్టాంటన్ అనే కార్యదర్శి ఉండేవారు, తరువాత ఆమే యేల్‌లో ఆ చరిత్ర గ్రంథాలయాన్ని చూసుకున్నారు. ఉత్తరాలూ పుస్తకాలూ రెండూ తెలిసిన మనిషి చేతిలో పడటం ఆ సేకరణ అదృష్టం అనుకుంటాను. మీరు రాసినదానికి నకలు మీ దగ్గర ఉంచుకోండి, వచ్చిన జవాబుని దానితో కలిపి పెట్టండి. ఈమెయిలు అయితే పీడీఎఫ్‌గా దింపి, సంవత్సరం–నెల–తేదీ, రాసినవారు, అందుకున్నవారు అన్న వరసలో ఫైలు పేరు పెట్టాలి. ఫోనులో పంపుకునే చిన్న సందేశాల్లో పుస్తక వివరాలు రాస్తే, అవి ఫోను మార్చినప్పుడే పోతాయి.

పాత ఉత్తరాలు ఇంట్లో ఉంటే మొదట వరస చెదరనీయకండి. తాడు కట్టిన కట్ట అలా ఎందుకు కట్టారో తెలిసేదాకా విప్పి తేదీల వారీగా పేర్చకూడదు. విప్పేముందు ఫోటో తీయండి. కవరు పారేయవద్దు. లోపల తేదీ లేకపోతే తపాలా ముద్రే ఆధారం. ఇన్‌లాండు లెటరు అయితే చివరి నాలుగు పంక్తులు మడత రెక్క మీద ఉంటాయి, తెరిచేటప్పుడు చింపిన ముక్కలో ఆ మాటలు పోయి ఉంటాయి. కాబట్టి ఆ రెక్కనీ, చిరునామా వైపునీ కూడా స్కాన్ చేయాలి. పుస్తకంలో పెట్టి ఉన్న ఉత్తరం దొరికితే ఏ పుటల మధ్య ఉందో పెన్సిలుతో ఒక చీటీ మీద రాశాకే తీయండి. ఆ పుటలోని విషయం గురించే ఆ ఉత్తరం రాసి ఉండవచ్చు.

స్టేపుల్ పిన్నులు, గుండుసూదులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. లాగకుండా కాళ్లు తెరిచి తీయాలి. సెల్లోటేపు అతికించకండి, దాని జిగురు పదేళ్లకే పసుపుపచ్చగా లోపలికి దిగుతుంది. చిరిగితే జపాన్ టిష్యూ కాగితం, గోధుమ పిండి జిగురు వాడాలి. కంప్యూటరు షాపుల్లో వేడిమీద చేసే ల్యామినేషన్ అన్నిటికన్నా పెద్ద అపకారం, ఎందుకంటే దాన్ని వెనక్కి తీయలేం. పాలియెస్టర్ కవర్లు చాలు. పాత నల్ల సిరా గోధుమరంగు తిరిగి అక్షరం దగ్గర కాగితం పగులుతుంటే అది ఇనుప సిరా. దానికి తడి తగిలితే ఆమ్లం పక్కలకి పాకుతుంది, కాబట్టి నీళ్లతో శుభ్రం చేసే ప్రయత్నం చేయకండి. ఫౌంటెన్ పెన్ను నీలం సిరాలు చాలామటుకు నీటికి కరుగుతాయి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు గాలిలో తేమ ఎక్కువ. 65 శాతం దాటి తేమ నిలిస్తే బూజు పడుతుంది. 50 శాతం దగ్గర ఉంచగలిగితే మంచిది, లేకపోతే కనీసం గోడకి ఆనకుండా, నేలకి ఎత్తుగా, గాలి ఆడేచోట పెట్టాలి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం వల్ల తేమ పెరిగి తగ్గి కాగితం ముడతలు పడుతుంది, దానికన్నా నిలకడగా ఉన్న 28 డిగ్రీలే నయం. కలరా ఉండలు బూజుని ఆపవు, వాటి ఆవిరి మనకి మంచిది కాదు. వేపాకు పుటల మధ్య పెడితే మరక పడుతుంది. పురుగు పడిందని అనుమానం వస్తే పాలిథీన్ సంచిలో గాలి తీసి గట్టిగా కట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో ఒక వారం ఉంచాలి, మామూలు ఇంటి ఫ్రీజరైతే రెండు వారాలు. బయటికి తీశాక సంచి ఒక రోజంతా విప్పకూడదు, విప్పితే చల్లటి కాగితం మీద నీరు చేరుతుంది. తోలు బైండింగులకీ తాళపత్రాలకీ ఈ పద్ధతి నిపుణులని అడక్కుండా చేయకండి.

స్కాన్ 400 డీపీఐ, రంగుల్లో, టిఫ్ ఫైలుగా. సన్నటి చేతిరాతకి 600. నలుపు తెలుపులో తీస్తే పెన్సిలు గీతలు, ముద్రలు మాయమవుతాయి. పక్కన రంగుల పట్టీ, స్కేలు పెట్టండి. పాఠం ఎత్తి రాసేటప్పుడు తప్పులు దిద్దకూడదు, కొట్టివేతలు చూపించాలి, చదవలేని మాటని చదరపు కుండలీకరణంలో చుక్కలతో వదలాలి. ఊహించి పూరించిన మాటని తరువాతివాళ్లు మూలంలోదే అనుకుంటారు.

ప్రచురించే ముందు రెండు విషయాలు. డాక్టర్ల ఉత్తరాల్లో పుస్తకాల మధ్యలో రోగుల పేర్లు, జబ్బులు వస్తుంటాయి. ఆ రోగి పిల్లలు, మనవలు ఇంకా ఆ ఊళ్లోనే ఉండవచ్చు. పేరు, ఊరు తీసేసి, తీసేశామని చెప్పాలి. రెండోది హక్కు. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని రచన మీద హక్కు రాసినవారిది, తరువాత వారి వారసులది. రచయిత బతికుండగా వెలువడిన రచనకి ఆయన మరణం తరువాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పోయేనాటికి వెలువడని ఉత్తరానికి భారత చట్టం ప్రకారం మొదటిసారి అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. అంటే రాసినవారు పోయి 70 ఏళ్లయినా, అచ్చుకాని ఉత్తరాన్ని వారసులని అడక్కుండా వేయకూడదు.

ఎక్కడ ఇవ్వాలి అన్నదానికి తెలుగువాళ్లకి దగ్గర్లోనే ఒక చోటుంది. ఫిజియాలజీ ప్రొఫెసరుగా పనిచేస్తూ వైద్య చరిత్ర మీద జీవితమంతా రాసిన డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డి చేతుల మీదుగా 1956లో హైదరాబాదులో, ఉస్మానియా వైద్య కళాశాలలో, వైద్య చరిత్ర విభాగం మొదలైంది. అదే ఈనాటి జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ. అక్కడికైనా, ఇంకో గ్రంథాలయానికైనా ఇచ్చేటప్పుడు పుస్తకాలనీ ఉత్తరాలనీ విడదీయకండి. పుస్తకాలు ఒక సంస్థకి, ఉత్తరాలు ఇంకో సంస్థకి పోతే ఏ ఉత్తరం ఏ ప్రతి గురించో ఎవరికీ తెలియదు. రెండు ప్రతులుగా జాబితా చేయండి: పుస్తకం పేరు, ఆకుల లెక్క, ఏ ఉత్తరంలో దాని ప్రస్తావన ఉంది, ఆ ఉత్తరం తేదీ. ఒకటి తీసుకునేవారి సంతకంతో మీ దగ్గర ఉంచుకోండి. విడిగా అమ్మకూడదు, నకళ్లున్నాయని తీసేయకూడదు అన్న షరతులు ఇచ్చే ముందే కాగితం మీద పెట్టించండి, ఇచ్చేశాక అడిగితే లాభం లేదు.